నా గొట్టంలో హైపో గడ్డకట్టలేదు

నా డిగ్రీ కాగితం మీద రెండో తరగతి అని ఉంటుంది. అది మొదటి తరగతి కావలసింది. ఎందుకు కాలేదో అడిగినవాళ్ళకి చెప్పాను, అడగనివాళ్ళకీ చెప్పాను. ఇప్పుడు మా ఇంట్లో నేను ‘హైపో’ అని మొదలుపెడితే చాలు, ఒకరు వంటగదిలోకి, ఒకరు వీధిలోకి లేచిపోతారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. కాగితం లేచిపోదు.

పేర్లు రాయను. కాలేజీ విజయనగరంలో ఉండేది. అరవైల చివరి సంవత్సరాలు. బి.ఎస్సీ ఆఖరి ఏడాది, భౌతికశాస్త్రం ప్రాక్టికల్ పరీక్ష. ఇంతకంటే చెబితే వాళ్ళ పిల్లలు నా గుమ్మంలోకి వస్తారు.

ముందు సాలూరు లారీ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఇరవై ఏళ్ళ మనిషి ఒక గాజుగొట్టాన్ని చూసి అంతగా ఎందుకు వణికాడో తెలియదు.

మాది రాజాం దగ్గర పల్లె. వరి, గోగు వేసే కుటుంబం. మా మేనమామకి సాలూరులో ఒక లారీ ఉండేది. అక్కడినుంచి కొండల మీది ఘాటు రోడ్డు ఎక్కి ఒరిస్సా వైపు సరుకు తోలేవాడు. వేసవి సెలవుల్లో రెండుసార్లు నన్ను ఎక్కించుకుని వెళ్ళాడు. ఘాటు మీద లారీ క్లీనరు పని తుడవడం, కడగడం కాదు. ఎత్తులో ఇంజను ఊపిరి ఆగి బండి నిలబడిపోయినప్పుడు, చెక్కదిమ్మ పట్టుకుని దూకి, వెనక చక్రం కింద పెట్టాలి. మామ లోపలినుంచి “ఎయ్యరా! ఎయ్యి!” అని అరుస్తాడు. బండి అప్పటికే వెనక్కి జారడానికి చూస్తూ ఉంటుంది. ఆ చక్రానికీ చేతికీ మధ్య బెత్తెడు జాగా. క్లీనరుకి ఎడమచేతికి మూడే వేళ్ళు ఉండేవి. మిగిలిన రెండూ ఏమయ్యాయని అడిగితే, “చక్రం తినీసినాది బాబూ” అని నవ్వి, ఆ మూడు వేళ్ళతోనే బీడీ ఎంత చక్కగా వెలిగించవచ్చో చూపించాడు. రెండోసారి వెళ్ళినప్పుడు అతనికి జ్వరం. మామ చెక్క నా చేతికిచ్చాడు. వాన పడి రోడ్డు తడిగా ఉంది. నేను పెట్టిన చెక్క జారింది. లారీ ఒక అడుగు వెనక్కి వచ్చి ఆగింది. ఆ అడుగు ఇప్పటికీ నా కలలో వస్తుంది. కలలో ఆగదు.

ఆఖరి ఏడాది ఫీజు కట్టేటప్పుడు నాన్న ఒకే మాట అన్నాడు. “ఒరే, ఇదే ఆకరు. తప్పీసినావనుకో, మళ్ళీ కట్టీది లేదు. మావకి మనిసి గావాలట. ఎల్లి చెక్కేసుకో.”

నాన్న ఒక మాట అంటే దాన్ని వెనక్కి తీసుకోవడం నేను చూడలేదు. ఆ ఏడాదంతా పుస్తకం తెరిచినప్పుడల్లా పేజీలో మూడు వేళ్ళ చెయ్యి కనిపించేది.

ఇక ల్యాబ్ అటెండరు. ఏభై దాటిన మనిషి. సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబంనుంచి వచ్చాడు. భౌతికశాస్త్రం ల్యాబులో అతనికి తెలియని వస్తువు లేదు. ఎడమచేతి చిటికెనవేలి గోరు పొడుగ్గా పెంచేవాడు. చెవిలో తిప్పుకోవడానికి అనుకునేవాణ్ణి. క్లాసులో అందరూ అతన్ని ‘మావా’ అని పిలిచేవారు. “మావా, మంచి స్టాండియ్యి”, “మావా, నా గడియారం ఆగిపోయింది” అని వెంటపడేవారు. నేను పిలవలేదు. నాకు మామ సాలూరులో ఒకడున్నాడు, ఆ ఒక్కడి భయమే చాలు.

పిలవకపోవడానికి ఇంకో కారణం ఉంది. కాలేజీలో చేరిన మొదటి రోజు నేను గోనెగుడ్డతో మా అమ్మ కుట్టిన సంచిలో పుస్తకాలు తెచ్చుకున్నాను. ల్యాబ్ గుమ్మంలో ఈ మనిషి నన్ను ఆపి, ఎంతో మర్యాదగా, “బాబూ, ధాన్యం ఇక్కడ దించకండి. గోదాం అవతల ఉన్నాది” అన్నాడు. వెనకనున్నవాళ్ళు నవ్వారు. ఇరవై ఆరుగురు. నేను లెక్కపెట్టాను. ఆ తరువాత మూడేళ్ళూ నన్ను ‘గోదాం’ అనే పిలిచారు. ఒక లెక్చరరు కూడా ఒకసారి హాజరు పిలుస్తూ అనబోయి ఆపుకున్నాడు.

ఆ మూడేళ్ళూ నీళ్ళు కాచుకోవడానికి నాకు వచ్చిన ముక్కాలిపీటకి ఒక కాలు పొట్టి. నాకు వచ్చిన స్టాప్‌వాచీ నలభయ్యో సెకను దగ్గర ఆలోచనలో పడేది. ‘మావా’ అన్నవాళ్ళకి మంచివి వచ్చేవి. ఇది అన్యాయం. అన్యాయం జరిగితే నేను రాస్తాను. ఆఖరి ఏడాది సంక్రాంతి సెలవులు అయిపోయి కాలేజీ తెరిచిన వారంలో ప్రిన్సిపాలు గారికి మూడు పేజీల అర్జీ రాశాను. పరికరాలు ఇవ్వడంలో పక్షపాతం ఉండకూడదని, ఎవరికీ ఎక్కువ చేయకూడదని, ఎవరికీ తక్కువ చేయకూడదని, ప్రయోగం జాబితాలో ఏముందో అది ఇస్తే చాలునని రాశాను. అక్కడితో ఆపవలసింది. మూడో పేజీలో జాగా మిగిలింది కాబట్టి, క్లాసులో చాలామంది థర్మామీటరు చూడకుండానే పుస్తకంలోని జవాబు నుంచి వెనక్కి లెక్కకట్టి రీడింగులు రాస్తున్నారని కూడా రాశాను. అది నిజం. ఇప్పటికీ నిజమే అంటాను.

ప్రిన్సిపాలు గారు ఆ కాగితాన్ని మా లెక్చరరుకి పంపారు. మా లెక్చరరు దాన్ని ల్యాబులో నిలబడి మొదటి అక్షరం నుంచి నా సంతకం దాకా పైకి చదివాడు. అటెండరు చేతులు కట్టుకుని విన్నాడు. చదవడం అయ్యాక నా దగ్గరకు వచ్చి, “తప్పయిపోనాది బాబూ. ఇకమీదట జాబితా పెకారమే” అన్నాడు. మరునాడు నా బల్ల మీద మూడు కాళ్ళూ సమానంగా ఉన్న పీట, తుడిచిన స్టాప్‌వాచీ ఉన్నాయి. నేను గెలిచాననుకున్నాను. ఆ రోజునుంచి క్లాసులో ఒక్కడు కూడా నాతో మాట్లాడలేదు.

పరీక్ష మార్చిలో. ఉదయం తొమ్మిదిన్నరకే ల్యాబులో గోడలు వెచ్చగా ఉన్నాయి. చీటీలు మడిచి పళ్ళెంలో వేసి ఒక్కొక్కరినీ తీసుకోమన్నారు. నా చేతికి అంటిన చీటీని వదిలేసి దాని పక్కది తీశాను. ఎందుకలా తీశానో నాకు తెలియదు. భయంలో ఉన్నవాడికి ప్రతి చీటీ తప్పుదే అనిపిస్తుంది. విప్పితే: హైపో కరగడానికి ఉష్ణోగ్రత, చల్లారే గీత ద్వారా.

ప్రాణం లేచి వచ్చింది. అది అన్నిటికంటే తేలిక. హైపో అంటే ఫోటోలు కడిగేవాళ్ళు వాడే తెల్లని పలుకులు. పటికబెల్లం ముక్కల్లా ఉంటాయి. వాటిని గాజుగొట్టంలో వేసి, మరిగే నీళ్ళలో ఉంచితే కరిగి నీరైపోతాయి. బయటికి తీసి స్టాండుకి తగిలించి, లోపల థర్మామీటరు పెట్టి, అరనిమిషానికోసారి రీడింగు రాసుకోవాలి. వేడి దిగుతూ దిగుతూ నలభై ఎనిమిది డిగ్రీల దగ్గర ఆగుతుంది. గొట్టంలో తెల్లగా గడ్డకడుతూ ఉన్నంతసేపూ అది అక్కడే నిలబడుతుంది. అంతా గట్టిపడ్డాక మళ్ళీ దిగుతుంది. గ్రాఫు గీస్తే మధ్యలో ఒక అరుగులాంటి చోటు వస్తుంది. ఆ అరుగే జవాబు. అక్టోబరులో క్లాసులో చేసినప్పుడు నాకు చక్కగా వచ్చింది.

అరవై ఎనిమిది దగ్గర మొదలుపెట్టాను. అరవై ఆరు. అరవై నాలుగున్నర. పెన్సిలు చెక్కుకోవడానికి కూడా తల తిప్పలేదు. ఏభై రెండు. ఏభై. నలభై తొమ్మిది. ఇక్కడే ఆగాలి. ఊపిరి బిగబట్టి చూశాను. నలభై ఎనిమిదిన్నర. నలభై ఎనిమిది. నలభై ఏడున్నర.

చూపు పొరపాటనుకున్నాను. వంగి మళ్ళీ చూశాను. నలభై ఏడు. గొట్టంలో హైపో నీళ్ళలా తేటగా ఉంది. ఒక్క తెల్ల నలక లేదు.

ఇదీ జారిపోతోంది. ఆ తడిరోడ్డు మీద చెక్క జారినట్టే.

అప్పుడే అటెండరు వరస వెంట నడుస్తూ వచ్చాడు. అదే ప్రయోగం వచ్చినవాళ్ళు మరో ముగ్గురు ఉన్నారు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, “బిరడా సరిగ్గా ఉన్నాదా, సూడనియ్యండి” అంటూ గొట్టం మూత కాస్త ఎత్తి, మళ్ళీ పెట్టి వస్తున్నాడు. నా దగ్గర ఆగాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“అన్నీ ఉన్నాయా బాబూ?”

“ఉన్నాయి.”

“ఏటీ తక్కువ కాలేదు గదా?”

“లేదు.”

“అయితే సరే” అని వెళ్ళిపోయాడు. ఏమీ తక్కువ కాలేదని నా నోటితో నేనే చెప్పాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

నలభై నాలుగు. చెమట కనుబొమల మీంచి రీడింగుల కాగితం మీద పడింది. నా పక్క బల్ల అతను కొత్తవలస నుంచి వచ్చేవాడు. తండ్రి రైల్వేలో గ్యాంగు మనిషి. అర్జీ తరువాత రెండు నెలలుగా నా వైపు చూడనివాడు ఇప్పుడు చూశాడు. చూసి తన గ్రాఫులోకి తల దించుకుని, పెదవులు కదపకుండా అన్నాడు:

“నీకు తోడెయ్యలేదేటి?”

“ఏం తోడు?”

“పాలకి తోడెయ్యకపోతే పెరుగు తోడుకుంటాదేటి? ఇదీ అంతే. ఒక పలుకు పడాల. మావ గోట్లో పెట్టుకుని ఏస్తాడు గదా.”

“ఎప్పుడూ వేసేవాడా?”

“మొదట్నుంచీ. అందరికీ తెలుసు. నీకు తెలీదేటి?”

నాకు తెలియదు. ఇరవై ఆరుగురికీ తెలుసు. నాకు ఒక్కరూ చెప్పలేదు. అక్టోబరులో నా గొట్టంలో గడ్డకట్టినప్పుడు కూడా ఆ చిటికెనవేలి గోరే పని చేసిందన్నమాట. నేను అది హైపో గుణం అనుకుని రికార్డులో అందంగా రాసుకున్నాను.

నలభై. ముప్పై తొమ్మిది.

ఇక్కడ చదివేవాళ్ళు ఒక మాట అడుగుతారు: వెళ్ళి ఆ మనిషిని ఒక పలుకు అడగవచ్చు కదా అని. అడగవచ్చు. హైపో సీసా అతని బల్ల మీదే ఉంది. కానీ పరీక్ష మధ్యలో బల్ల వదిలి లేవకూడదు, పిలిస్తే అందరి ముందూ పిలవాలి. ఏమని పిలవాలి? నేనే రాశాను, జాబితాలో ఉన్నది తప్ప ఏదీ ఎక్కువ ఇవ్వకూడదని. తోడు జాబితాలో లేదు. సరే, అందరూ చేసే పని చేయవచ్చు. థర్మామీటరు సంగతి వదిలేసి నలభై ఎనిమిది దగ్గర పది రీడింగులు వరసగా రాసి అరుగు గీయవచ్చు. అదీ నేనే రాశాను, మూడో పేజీలో. ఆ కాగితాన్ని విన్న మనుషులందరూ ఆ గదిలోనే ఉన్నారు. నేను రాసిన రెండు వాక్యాలు రెండు వైపులా తలుపులు మూసేశాయి. మధ్యలో నేనూ, గడ్డకట్టని గొట్టమూ.

మా లెక్చరరు నా వెనక్కి వచ్చి కాగితం చూశాడు. అతని ముఖం మారిపోయింది. బయటి పరీక్షకుడు అప్పటికి రెండు బల్లల అవతల ఉన్నాడు.

“ఏమిటిది?” అన్నాడు చెవి దగ్గర.

“ఆగలేదండి.”

“ఆగకపోవడమేమిటి? ప్రతి సంవత్సరం ఆగుతుంది. నలభై ఎనిమిది వెయ్యి.”

“వేయనండి.”

“చంపుతావా నన్ను? వెయ్యి.”

నేను వేయలేదు. ధైర్యం అనుకోకండి. చెయ్యి వణికి పెన్సిలు నిలవలేదు. థర్మామీటరు పట్టుకుంటే అది గొట్టం గోడకి తగిలి టిక్కుటిక్కుమని కొట్టుకుంటోంది. అంత వణుకుకి కూడా ఆ హైపో కదలలేదు. ముప్పై ఏడు. ముప్పై ఆరున్నర. గది వేడే ముప్పై మూడు. ఇంకొంచెం పోతే దిగడానికి కూడా ఏమీ ఉండదు.

అప్పుడు నాకు అర్థమైంది: మా లెక్చరరుకి కూడా తోడు సంగతి తెలియదు. ఎన్నో ఏళ్ళుగా అతను పాఠం చెప్పాడు, హైపో నలభై ఎనిమిది దగ్గర గడ్డకట్టింది. గోరు ఎవరిదో అతను ఎన్నడూ చూడలేదు.

పరీక్షకుడు వేరే కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన. సన్నటి మనిషి. మెడ చుట్టూ రుమాలు కట్టుకున్నాడు. నెమ్మదిగా మాట్లాడతాడు. నెమ్మదిగా మాట్లాడేవాళ్ళంటే నాకు ఎక్కువ భయం. ఇంగ్లీషులోనే అడిగాడు, నేను తెలుగులో రాస్తున్నాను. కాగితం తీసుకుని పై నుంచి కింద దాకా చదివాడు. గ్రాఫు చూశాడు. ఎక్కడా అరుగు లేదు. కొండ మీంచి బ్రేకులు లేకుండా వచ్చినట్టు ఒకటే జారుడు గీత.

“ఇవి నువ్వు చూసిన రీడింగులేనా?”

“అవునండి.”

“నలభై ఎనిమిది కావాలని తెలుసా?”

“తెలుసండి.”

“మరి?”

“రాలేదండి.”

ఆయన వంగి గొట్టంలోకి చూశాడు. “ఎందుకు రాలేదు?”

ఆ క్షణంలో నా ముందు ముగ్గురు ఉన్నారు. పరీక్షకుడు. ఆయన భుజం వెనక మా లెక్చరరు, కళ్ళతోనే నన్ను బతిమాలుతూ. గుమ్మం దగ్గర అటెండరు. నేను నోరు విప్పి, ఈ మనిషి మిగిలిన ముగ్గురికీ పలుకు వేసి నాకు వేయలేదు, మా లెక్చరరుకి ఆ సంగతే తెలియదు అని చెబితే, నా అర్జీలన్నిటిలోకీ గట్టి అర్జీ అదే అయ్యేది. సాక్షులున్నారు. వస్తువు బల్ల మీదే ఉంది. అటెండరు ముఖం చూశాను. రంగు పోయి ఉంది. అతను కూడా భయపడగలడని నాకు అప్పటివరకూ తెలియదు.

చెప్పలేదు. ఉదారత అనుకుంటారేమో. కాదు. రికార్డు మార్కులు మా లెక్చరరు చేతిలో ఉన్నాయి. నాకు సాలూరు చక్రం కనిపిస్తోంది.

“తోడు వేయలేదండి” అన్నాను. ఇంగ్లీషు మాట తోచలేదు.

పరీక్షకుడు తల ఎత్తాడు. రుమాలు సర్దుకున్నాడు. “తోడా? బాగుంది. ఎవరు వేయాలి?”

“నేనేనండి. మరిచిపోయాను.”

“అయితే వెయ్యి.”

నేను గుమ్మం వైపు తిరిగాను. ల్యాబంతా చూస్తోంది. మూడేళ్ళు దాచుకున్న పట్టుదల నా నాలిక మీద ఉంది. దాన్ని మింగితే తప్ప గొంతు రాలేదు.

“మావా” అన్నాను. “ఒక పలుకు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. కొత్తవలస గొంతు అనుకుంటాను. అటెండరు నవ్వలేదు. సీసా తెచ్చి, మూత తీసి నా ముందు పట్టుకున్నాడు. గోరు వాడలేదు. నా చేత్తో నన్నే తీసుకోమన్నాడు. ఆవగింజంత పలుకు తీసి గొట్టంలో వదిలాను.

అది కిందికి పోతూ ఉండగానే దాని చుట్టూ తెల్లని సూదులు పుట్టాయి. సూదుల మీద సూదులు. చూస్తూండగా గొట్టమంతా మంచులా తెల్లబారింది. థర్మామీటరులో పాదరసం పైకి లేచింది. ముప్పై ఆరు నుంచి నలభై, నలభై అయిదు, నలభై ఎనిమిది. అక్కడ నిలబడింది. గొట్టం పట్టుకున్న నా వేళ్ళకి వేడి తగిలింది. చల్లారుతున్నది తనంతట తాను వేడెక్కడం చూసి నేను భయపడి చెయ్యి తీసేశాను.

“పట్టుకో, కరవదు” అన్నాడు పరీక్షకుడు. “వేడి ఎక్కడినుంచి వచ్చింది?”

“దానిలోనే ఉండిపోయిందండి. గడ్డకట్టినప్పుడు వదలవలసినది వదలలేదు.”

“సరే. ఆ పలుకు వేయకపోతే? ఇంకా ఇంకా చల్లబరుస్తూ పోతే?”

పుస్తకంలో ఈ ప్రశ్న లేదు. దొరికిన దాన్ని పట్టుకున్నాను. మా అమ్మ వేరుశనగ పప్పుండలకి బెల్లం పాకం పట్టేది. పాకం పళ్ళెంలో పోస్తే చిక్కబడి, తీగ సాగి, చివరికి చెంచాతో కొడితే ఠంగుమనేది. దానిలో పంచదారలా పలుకులు ఉండవు. నున్నగా, అద్దంలా ఉంటుంది.

“చిక్కబడుతుందండి. పాకం ముదిరినట్టు. తరువాత గట్టిపడుతుంది. కానీ గడ్డకట్టదు.”

“గట్టిపడటానికీ గడ్డకట్టడానికీ తేడా ఏమిటి?”

“గడ్డకడితే కణాలు వరసలో కూర్చుంటాయి. దీనిలో వరస ఉండదండి. నీళ్ళలో ఎలా చెల్లాచెదురుగా ఉన్నాయో అలాగే, ఉన్నచోట ఇరుక్కుపోతాయి.”

“అలాంటి వస్తువు ఒకటి చూపించు.”

చేతిలో ఉన్నదే చూపించాను. “ఈ గొట్టమేనండి. గాజు.”

ఆయన గొట్టాన్ని వేలితో తట్టాడు. “అలా ఇరుక్కున్న కణాలు ఇక కదలవా?”

“చోటు మారలేవండి. ఉన్నచోటే వణుకుతూ ఉంటాయి.”

“నీలాగా?”

ఈసారి ల్యాబంతా నవ్వింది. మా లెక్చరరు కూడా నవ్వాడు, బతికిపోయినవాడు నవ్వినట్టు. పరీక్షకుడు మార్కుల కాగితం మీద ఏదో వేసి ముందుకు వెళ్ళిపోయాడు. ‘నీలాగా’ అన్న ఆ మాట నేను మరిచిపోలేదు. పరీక్షకుడు పరీక్షించాలి. ఎగతాళి జాబితాలో లేదు.

తరువాత ముప్పై ఏళ్ళు నేను హైస్కూల్లో సైన్సు చెప్పాను. ఆ రోజు నోటికి వచ్చినట్టు చెప్పినదంతా ఇంచుమించు సరైనదేనని చదివి తెలుసుకున్నాను. వేడి అంటే కణాల వణుకే. ద్రవంలో అవి వణుకుతూ ఒకదాన్నొకటి తోసుకుంటూ చోట్లు మారుతుంటాయి. చల్లబడితే వరసలో కూర్చోవాలి, కానీ మొదటి వరస ఎవరో ఒకరు వేయాలి. అది దొరకకపోతే కూర్చోవలసిన వేడి దాటిపోయినా అలాగే తిరుగుతుంటాయి. ఇంకా చల్లబడి నడక ఆగిపోయిన చోట అది గాజు. గ్రాఫులో దానికి అరుగు రాదు, చిన్న వంపు మాత్రం వస్తుంది. ఈ సంగతి ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నరకే నాకు ఎవరైనా చెప్పి ఉంటే నాకు మొదటి తరగతి వచ్చేది.

ఫలితాలు వేసవిలో వచ్చాయి. పేపర్లో నా నంబరు ఉంది. నాన్న నంబరు మీద వేలు పెట్టి రెండుసార్లు చూసి, “సరే, మావకి కబురెట్టీ, వేరే మనిసిని సూసుకోమని” అన్నాడు. అంతే. నేను పెరట్లోకి వెళ్ళి చాలాసేపు నా పదివేళ్ళూ చూసుకున్నాను. మార్కుల కాగితం వచ్చాక ప్రాక్టికల్ మార్కులు చూశాను. ‘మరిచిపోయాను’ అన్నందుకు ఎంత కోశాడో అక్కడ ఉంది. మొదటి తరగతికి సరిగ్గా అంతే తగ్గింది.

కాలేజీ నుంచి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలంటే ల్యాబు సామాను ఏదీ నా దగ్గర లేదని అటెండరు చీటీ ఇవ్వాలి. వెళ్ళాను. ల్యాబులో ఎవరూ లేరు. అతను గొట్టాలు కడిగి, తలకిందులుగా కర్ర మేకులకి తగిలిస్తున్నాడు.

“నా మీద కోపంతోనే కదా వేయలేదు?” అన్నాను.

“కోపమేటి బాబూ? మీరే గదా రాసినారు. ఎక్కువ సెయ్యకు, తక్కువ సెయ్యకు, జాబితాలో ఉన్నదియ్యి అని. తోడు ఏ జాబితాలో ఉన్నాది, సెప్పండి?”

“మిగతా ముగ్గురికీ వేశావు.”

“ఆళ్ళు అడిగినారు. ‘మావా, కాస్త సూడు’ అన్నారు.”

“నేనూ అడిగాను.”

“అడిగినారు” అన్నాడు. “ఇచ్చీసినాను గదా.”

చెయ్యి తుడుచుకుని చీటీ మీద వేలిముద్రలా కనిపించే సంతకం పెట్టాడు. తరువాత, గొట్టాల వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు. “ఆ రోజు ఆ పెద్దాయన అడిగినప్పుడు మీరు నా పేరు సెప్తారనుకున్నాను. నాకు కాళ్ళు ఆడలేదు బాబూ. ఇంటికాడ అయిదుగురు.”

చీటీ జేబులో పెట్టుకుని బయలుదేరాను. గోనెసంచి నా భుజానే ఉంది. గుమ్మం దాటుతుండగా వెనకనుంచి, “గోదాం బాబూ, నిదానంగా ఎల్లండి, మెట్టు తడిగా ఉన్నాది” అన్నాడు.

అతను చెప్పిన జవాబులో తప్పు ఎక్కడుందో అప్పటినుంచీ వెతుకుతున్నాను. ఉంది. తప్పకుండా ఉంది. దొరికిన రోజు ఎవరికి రాయాలన్నదే తెలియదు. ప్రిన్సిపాలు గారూ లేరు, అటెండరూ లేడు.